నీటికాకుల్ని లేపనివ్వని లింబాద్రి కాక

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాకావ్యానికి సరిపడే వృత్తాంతం. ఇందులో అపారజలధి ఉంది, భగ్ననౌక ఉంది, జనసంచారం లేని ద్వీపం ఉంది, ఆపదలో చిక్కుకున్న వేలాది మూగప్రాణులున్నాయి, వాటి పక్షాన నిలబడిన ఒక వృద్ధవీరుడున్నాడు.

ఇంతవరకు రాసి ఒకసారి చదువుకున్నాను. అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ జలధి ఆ రోజు నడుము లోతే ఉంది. నౌక కంకర మోసేది. జనసంచారం లేని ఆ ద్వీపంలో మొబైల్ సిగ్నలు రెండు గీతలు వస్తుంది. వీరుడికి కంపెనీ ఇచ్చిన బూట్లు ఒకటి తొమ్మిది సైజు, ఒకటి పది సైజు కావడంతో ఆయన ఒక కాలికి రెండు సాక్సులు తొడుక్కున్నాడు. కాబట్టి ఇది కావ్యం కాదు. మా లింబాద్రి కాక సంగతి.

లింబాద్రి కాక పోయిన మంగళవారం మధ్యాహ్నం కాలం చేశాడు. భోంచేసి పది నిమిషాలు నడుం వాలుస్తానని చెప్పి వాల్చాడట, మళ్ళీ లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు. ఆయన రూమ్మేటు ఫోన్ చేసినప్పుడు నేను సల్మాబాద్ గోదాములో అగ్నిప్రమాద డ్రిల్లు జరిపిస్తున్నాను. నలభై మంది ఎండలో వరుసగా నిలబడి ఉన్నారు. వార్త విని ఒక మూల కూర్చుండిపోయాను. డ్రిల్లు అయిపోయిందని వాళ్ళకి చెప్పాలన్న సంగతి ఇరవై నిమిషాల దాకా గుర్తుకు రాలేదు. ఆత్మీయ వియోగం మనిషిని స్థాణువును చేస్తుందని పెద్దలు రాస్తుంటారు. నా వియోగం నలభై ఒక్క మందిని చేసింది.

తెలియనివాళ్ళ కోసం ఆయన పరిచయం. జగిత్యాల వైపు గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళు నీళ్ళలో ఉండి, ఆ తర్వాత బహ్రెయిన్ వచ్చి ఇరవై రెండేళ్ళు పరంజాల మీద ఉన్నాడు. నాలుగు దిక్కులా సముద్రమున్న దేశంలో అంతకాలం ఉండి, సముద్రంలో ఒక్కసారైనా కాలు పెట్టలేదు. అడిగితే, “ఉప్పునీళ్ళకు మనకు సోపతి కలువదురా” అనేవాడు. ఈ దేశం పేరు కూడా ఆయన ఒప్పుకోలేదు. ఎవరు అడిగినా దుబాయిలో ఉన్నానని చెప్పేవాడు. “కాకా, ఇది బహ్రెయిన్. దుబాయి వేరే దేశం” అని నేను మ్యాపు తీసి చూపిస్తే, మ్యాపును గౌరవంగా పరికించి, “ఎండ గదే గదా” అన్నాడు.

శుక్రవారం ఆయనతో జిదాఫ్స్ మార్కెట్టుకు వెళ్ళడం ఒక విద్యాభ్యాసం. బల్ల మీది ప్రతి చేపనూ ఎత్తి మొప్ప తెరిచి చూసేవాడు. అమ్మేవాడు బెంగాలీలో విసుక్కునేవాడు, ఈయన తెలుగులో మందలించేవాడు. “మొన్న సచ్చిందాన్ని ఇయ్యాల్ల అంటవేందిరా, కన్ను సూడు, పొగవట్టిన కరెంటుబుగ్గ లెక్కున్నది.” ఇద్దరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చివరికి మంచి చేపే సంచీలో పడేది. నేను ఒంటరిగా వెళ్ళిన రోజు సలీసుగా హిందీలో మాట్లాడి, మర్యాదగా బేరమాడి, మొన్నటి చేపను తెచ్చుకునేవాణ్ణి.

ఇక ఓడ. మూడేళ్ళ కిందట చలికాలం మొదట్లో ఒక కంకర ఓడ దారి తప్పి, దక్షిణాన హవార్ వైపున్న ఒక చిన్న దీవి దగ్గర ఇసుక తిన్నె మీదికి ఎక్కి కూర్చుంది. అడుగున ట్యాంకు చీలి నల్లటి ఇంధనం కారడం మొదలైంది. శుభ్రం చేసే కాంట్రాక్టు ఎన్ని చేతులు మారిందో తెలియదు గానీ, చివరికి మా కంపెనీకి చేరింది. మా కంపెనీకి అప్పటిదాకా తెలిసిన చమురు క్యాంపు మెస్సులోదే. మా సూపర్‌వైజరు మూర్తిగారు పద్నాలుగు మందిని ఏరుకున్నారు. కాకినాడ మనిషి, పని విషయంలో నిక్కచ్చి, మర్యాద తప్పని మాట. సేఫ్టీ అసిస్టెంటుగా నన్నూ పడవెక్కించారు. నాకు అందులో ఆరు వారాల సర్టిఫికెట్టు ఉంది. ఆ సర్టిఫికెట్టు మీద ఓడ బొమ్మ ఉంది. నా సముద్రానుభవం అంతే.

లింబాద్రి కాక తనంతట తాను వస్తానన్నాడు. దానికి కారణం అందరికీ తెలుసు. ఆయనకు అరవై నిండింది. అరవై దాటినవాళ్ళ వీసా పొడిగించాలంటే సూపర్‌వైజరు సిఫారసు కావాలి. ఆయనకింకా రెండేళ్ళు కావాలి. ఆ రెండేళ్ళు దేనికంటే ఇంజను తెప్పకు. ఊళ్ళో మత్స్యకారుల సొసైటీలో మళ్ళీ పేరు ఎక్కించుకుని, సొంత తెప్పకు మోటారు బిగించి, గోదావరిలో దిగాలని ఆయన పట్టుదల. “కూలోని లెక్క పోయి కూసునుడు గాదు. బెస్తోని లెక్క పోవాలె” అనేవాడు. కూలివాడిగా వచ్చిన మనిషి బెస్తవాడిగా తిరిగి వెళ్ళడానికి రెండేళ్ళు. మూర్తిగారు కూడా పడవలో ఆయన భుజం తట్టి, “ఈ పని సవ్యంగా అయితే మీ కాగితం నేనే రాస్తాను పెద్దాయనా” అన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మనస్ఫూర్తిగానే చెప్పారు.

దీవికి చేరాక పరిస్థితి ఇది. మేము తూర్పున దిగాం. పడమటి వైపు సన్నటి పాయ ఒకటి దీవిలోకి చొచ్చుకుపోతుంది. ఆ పాయ ఒడ్డున ఇంకా రెక్కలు రాని నీటికాకి పిల్లలు వందలకొద్దీ గుంపులుగా ఉన్నాయి. పోటు మొదలైతే నీళ్ళతోపాటు చమురు ఆ పాయలోకి వెళుతుంది. దాన్ని ఆపడానికి నీటి మీద తేలే నారింజ రంగు గొట్టంలాంటి అడ్డు ఒకటి మాతో పంపారు. దాన్ని పాయ ముఖం దగ్గర కట్టాలి. నీళ్ళు లోతు లేక పడవ అటు పోదు. ఓడ ఎందుకు ఇరుక్కుందో అప్పుడు నాకు సవివరంగా అర్థమైంది. నడిచి పోవాలి. తూర్పు నుంచి పడమటికి సూటిగా పావుగంట నడక. మధ్యలో మైదానం నిండా, నేల మీదే గూళ్ళు పెట్టుకుని గుడ్ల మీద కూర్చున్న నీటికాకులు.

“సీదాగా పోదాం” అన్నారు మూర్తిగారు. “పావుగంటలో తేలిపోతుంది.”

“వద్దు సారు” అన్నాడు లింబాద్రి కాక. “గుడ్ల మీద కూసున్నయి. మనం అడుగువెడితె అన్నొక్కపారి లేస్తయి. అగో, గా తెల్ల పిట్టలను సూడుండ్రి. గవి గందుకే కాసుకోని కూసున్నయి.”

నిజంగానే గట్టు మీద సముద్రపు కొంగలో, మరేవో, నాకు పేరు తెలియని తెల్ల పక్షులు బారు తీరి ఉన్నాయి. గుడ్ల విందుకు పిలుపు వచ్చినట్టే ఉంది వాటి వాలకం.

“ఎంత మేర తొక్కుతాం పెద్దాయనా? ఒక బాట వెడల్పు. అడ్డు పడకపోతే పాయలో పిల్లలన్నీ పోతాయి. లెక్క చూసుకోండి మీరే.”

“లెక్క నాకు రాదు సారు. మావోళ్ళు వానకాలం మొదట్ల, చేప గుడ్లతోని ఎదురెక్కే దినాలల్ల వల ఎయ్యరు. ఇంట్ల పొయ్యి ముట్టకున్నా ఎయ్యరు. గుడ్ల మీదున్న పానాన్ని లేపద్దు. నాకు ఎరుకైంది గంతే.”

మూర్తిగారి మాటలో తర్కం ఉంది. ఇప్పటికీ ఉంది. లెక్క వచ్చినవాణ్ణి నేను కాబట్టి ఇద్దరూ నావైపు చూశారు. నేను సేఫ్టీ పుస్తకం తెరిచాను. అందులో నిచ్చెన ఎక్కేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు ఉన్నాయి.

“ఒడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి పోతే రెండు గంటలు” అన్నారు మూర్తిగారు. “పోటు వచ్చేస్తుంది. ఆలస్యమైతే రిపోర్టులో రాయాల్సొస్తుంది నేను. మీ రెన్యూవల్ కాగితం నా బల్ల మీదే ఉంది, మర్చిపోకండి.” బెదిరింపులా కాదు, గొడుగు మర్చిపోయిన మనిషికి గుర్తు చేసినట్టు అన్నారు.

“మర్సిపోలే సారు. పొద్దుగాల సంది గదే యాదికస్తున్నది.”

అని చెప్పి, ఒడ్డున కూర్చుని ఆ జతకాని బూట్లు రెండూ విప్పి, రెండు సాక్సుల కాలికి కొంచెం ఎక్కువసేపు తీసుకుని, పరదేశం వచ్చిన ఇరవై రెండేళ్ళకు లింబాద్రి కాక సముద్రంలో దిగాడు.

ఆయన చేసినదాన్ని సాహసం అని రాయాలని ఉంది గానీ అది పనితనం. నేల మీద ఆ అడ్డును పద్నాలుగు మంది భుజాన మోస్తే పది అడుగులకొకసారి ఆగాలి. నీళ్ళలో అది తేలుతుంది. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. తేలడానికే చేసిన వస్తువు అది. ఆయన దాన్ని నీళ్ళలో దింపి, తాడు పొడవునా మనుషుల్ని లాగుడు వలకు నిలబెట్టినట్టు దూరదూరంగా నిలబెట్టాడు. పొట్టివాళ్ళు ఒడ్డు వైపు, పొడుగువాళ్ళు లోతు వైపు. “గుంజూ” అంటే లాగాలి, “ఆగూ” అంటే ఆగాలి. పద్నాలుగు మందిలో తెలుగువాళ్ళు నలుగురే. బీహారు, బంగ్లాదేశ్ సోదరులకు పావుగంటలో ఆ రెండు మాటలూ వచ్చేశాయి. ఆ తర్వాత ఏడాది పాటు మా క్యాంపులో తలుపు తెరవాలన్నా “గుంజు” అనే అనేవారు. రెండు గంటలన్న దారి గంటంబావులో పూర్తయింది. మైదానం మీద ఒక్క పక్షి లేవలేదు. మాకు సమాంతరంగా అవి మెడలు తిప్పుతూ, పెళ్ళి ఊరేగింపును అరుగు మీద నుంచి చూసేవాళ్ళలా చూస్తూ కూర్చున్నాయి.

ఇక్కడితో ఆపితే వీరగాథే. కానీ ఆ తర్వాత పొరపాటు జరిగింది. దాన్ని దాచిపెడితే కాక ఒప్పుకోడు.

పాయ ముఖాన ఆయన ఆ అడ్డును చేతికి అలవాటైన తీరున కట్టాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నిలువుగా, మధ్యలో కొంచెం వదులుగా, వలకు కడుపు వదిలినట్టు. చూడడానికి ముచ్చటగా ఉంది. పోటు వచ్చింది. నల్లటి చమురు తేలుతూ వచ్చి ఆ కడుపులో చేరింది. చేరింది చేరినట్టు బరువెక్కి, అడుగు నుంచి జారి, అవతల తేలింది. ఆయన ఒక నిమిషం దాన్నే చూశాడు.

“సేఫ్టీ, ఇది తప్పయ్యిందిరా” అన్నాడు నాతో. నా పేరు ఆయనకు ఎప్పుడూ అవసరపడలేదు. “చేపైతె కడుపుల వడితె దొరుకుతది. గిది కడుపుల వడితె జారుతది. ఏటవాలుగ కట్టాలె. గప్పుడు అంచు పట్టుకోని ఒడ్డుకస్తది, బకీట్లతోని ఎత్తచ్చు.”

చేపలు పట్టే చెయ్యి తప్ప మరే చెయ్యీ చెయ్యని పొరపాటు అది. చేపలు పట్టిన కన్ను తప్ప మరే కన్నూ అంత త్వరగా పట్టుకోలేనిదీ అదే. ఒక కొసను విప్పి ఏటవాలుగా మళ్ళీ కట్టడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత చమురు బుద్ధిగా అంచు వెంట ఒడ్డుకు వచ్చింది, మేము ఎత్తిపోశాం. కానీ ఆ అరగంటలో కొంత లోపలికి పోయింది. రెండు డజన్ల దాకా పక్షిపిల్లలకు అంటుకుంది. వాటిని అరటిపండ్ల అట్టపెట్టెల్లో పెట్టి పడవలో పంపాం. కొన్ని బతికాయని విన్నాను, కొన్ని బతకలేదు. ఒక పిల్ల కాక బొటనవేలు కొరికి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు. “కొరుకనియ్. కోపముంటది గదా” అన్నాడు.

తూర్పు ఒడ్డున పడవ దగ్గరే ఉండిపోయిన మూర్తిగారు సాయంత్రం వచ్చి చూశారు. అడ్డును సక్రమంగా అమర్చినట్టు ధ్రువీకరించే ఫారం మీద నా సంతకం ఉంది. సేఫ్టీవాళ్ళం ఏ రోజు ఫారాలన్నీ ఆ రోజు పొద్దున టీ తాగేటప్పుడే సంతకం పెట్టేస్తాం. ఇది రహస్యమేమీ కాదు, చదువుతున్నవాళ్ళలో సేఫ్టీవాళ్ళున్నారు, వాళ్ళిప్పుడు నవ్వుకుంటారు. మూర్తిగారు ఫారాన్ని చూశారు, నన్ను చూశారు.

“ముందు ఎలా కట్టారు దీన్ని? ఎవరు చూశారు?”

నేను నోరు తెరిచాను. దానిలోంచి ఏమీ రాలేదు. చమత్కారాలకు ఎన్నడూ కరువు లేని నోరది.

“కట్టింది నేను సారు” అన్నాడు లింబాద్రి కాక. “వల ఎరుకున్నోన్నని నేనే ముంగటవడ్డ. గా పోరనికేం ఎరుక. సుట్టు తిరిగి తెచ్చింది నేనే, తప్పు కట్టింది నేనే.”

మూర్తిగారు ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. రెండు వారాలకు కాగితం వచ్చింది. వయసు రీత్యా పొడిగింపు లేదు, సిఫారసు లేదు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఆ చలికాలం చివర నాకు ప్రమోషన్ కూడా వచ్చింది. నాకు తెలిసిన హాస్యాలన్నిటిలో నేను నవ్వలేనిది అదొక్కటే.

ఆయన ఊరికి పోలేదు. తెప్ప కొనడం ఇంకా మిగిలిపోయింది కదా. తెలిసినవాళ్ళ ద్వారా వీసా వేరే యజమాని పేరు మీదికి మార్పించుకుని గుదైబియాలో ఒక లాండ్రీలో ఇస్త్రీకి కుదిరాడు. అక్కడ ఆయన ప్రవేశపెట్టిన పద్ధతి మన బ్యాచిలర్లందరికీ తెలుసు. చదువు రాదు కాబట్టి చీటీలు లేవు. కాలరు లోపల రంగు దారం ముడి. వలల మీద ఎవరి వల ఎవరిదో గుర్తుకు వాళ్ళ ఊళ్ళో వేసే ముడులే అవి. ఎరుపు ఒక ముడి, పచ్చ రెండు ముడులు, ఇలా. మూడేళ్ళలో ఒక్క చొక్కా తారుమారు కాలేదు. పక్కవీధిలో కంప్యూటరు బిల్లులిచ్చే లాండ్రీలో నా ప్యాంటు బదులు ఎవరిదో బురఖా వచ్చింది.

లాండ్రీలో చేరిన ఆరు నెలలకు ఒక సాయంత్రం వెళ్ళి, కూడదీసుకుని, “కాకా, ఆ రోజు సంతకం నాది. నేను చెప్పాల్సింది” అన్నాను. ఇస్త్రీపెట్టె ఆపలేదు. “గదింక యాదున్నదారా నీకు” అన్నాడు. ఒక చొక్కా మడత పెట్టాడు. “చెప్తె ఇద్దరం పోయేటోళ్ళం. ఒక్కని పనికి ఇద్దరెందుకు.” ఇంకో చొక్కా అందుకుని, “నీ జిప్పు కరాబయ్యింది, సూస్కో” అన్నాడు. చూసుకున్నాను. నిజమే. అంతటి క్షమాదానం తర్వాత నేను గుదైబియా వీధుల్లో ఫైలు అడ్డం పెట్టుకుని నడిచాను.

మూర్తిగారిని గురించి ఒక్క మాట. ఆయన లాండ్రీ మార్చుకున్నారు. తన ఫ్లాటు కింద ఉన్నదాన్ని వదిలి, వారం వారం కారు వేసుకుని వచ్చి ఈయన దగ్గరే బట్టలిచ్చేవారు. ఇద్దరూ ఆ దీవి గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. “గంజి కొంచెం తక్కువ పెద్దాయనా.” “అట్లనే సారు.” మూడేళ్ళూ ఇదే సంభాషణ. మొన్న ఆసుపత్రికి అందరికంటే ముందు వచ్చింది మూర్తిగారే. కాగితాలన్నీ ఆయనే తిరిగి చేయించారు. ఒక్క కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టలేదు.

తెప్ప పోయిన వేసవిలో కొన్నారు. ఇంజను బిగించారు. ఫోటో వచ్చింది. నీలం రంగు తెప్ప, పక్కన సంతోషంగా నవ్వుతూ కాక తమ్ముడు. ఆ ఫోటోను చొక్కా ఇచ్చిన ప్రతివాడికీ, తీసుకున్న ప్రతివాడికీ చూపించేవాడు. వచ్చే నెలకు టికెట్టు తీసుకున్నాడు. ఆ తెప్పలో ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదు. గురువారం ఆయన పార్థివదేహం ఊరు చేరింది. ఘాటుకు రోడ్డు మీద కాకుండా ఆ తెప్పలోనే నదిమీదుగా తీసుకువెళ్ళారని తమ్ముడు ఫోనులో చెప్పాడు. మోటారు ఎలా ఉందని అడిగాను. అలాంటప్పుడు అడగదగిన ప్రశ్న కాదు. కానీ అతను ఏమీ అనుకోలేదు. “సప్పుడు తక్కువున్నదన్నా” అన్నాడు. “ఒడ్డుకున్న కొంగలు గూడ లేవలే.”

నేను ప్రతిదాన్నీ వేళాకోళం చేస్తానని కాక ఎప్పుడూ అనేవాడు. “నీకు నవ్వు ఒక అంగి లెక్క. ఇప్పితె సలివెడ్తది” అని కూడా అన్నాడు ఒకసారి. ఈ వ్యాసం పొడుగునా విప్పకుండా ఉండాలని ప్రయత్నించాను. కుదిరిందో లేదో తెలియదు. చెప్పవలసింది మాత్రం చెప్పాను. ఆ దీవిలో ఆ రోజు లేవకుండా గుడ్ల మీద కూర్చున్న నీటికాకులకు ఒక మనిషి తన రెండేళ్ళు ఇచ్చాడు. నాకు ఒక ఉద్యోగం ఇచ్చాడు. రెండిటికీ రశీదు అడగలేదు. అటువంటి మనిషిని కోల్పోయాక ఆ చోటు మరొకరితో నిండదు. నిండుతుందని ఎవరైనా అంటే మర్యాద కోసం అంటున్నారని అర్థం. లింబాద్రి కాకా, నీ పాదాలకు నమస్కారం. తొమ్మిది సైజు పాదానికొకటి, పది సైజు బూటు తొడిగిన పాదానికొకటి.

చివరగా, లాండ్రీ యజమాని చెప్పమన్న సంగతి. కాక ఇస్త్రీ చేసి ఉంచిన బట్టలు అరల్లో అరవై జతల దాకా ఉండిపోయాయి. ఏ ముడి ఎవరిదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరి చొక్కాలు వాళ్ళే వచ్చి గుర్తుపట్టి తీసుకోవాలి. దుకాణం రోజూ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది, శుక్రవారం సెలవు. హ్యాంగర్లు తిరిగి ఇచ్చేయాలి.